పాస్తా కూత

రైలు పట్టాలు పీకేసి ఆ జాగాలో సముద్రం పొడుగునా సైకిలు బాట వేసినప్పటి నుంచీ చెజీదియో దాని మీద కాలు పెట్టలేదు. ఊళ్ళో అందరూ పెట్టారు. నడుం వంగిన ముసలమ్మలు పెట్టారు, చర్చి ఫాదర్ పెట్టాడు, కుక్కపిల్లని బుట్టలో కూర్చోబెట్టుకుని మందులషాపాయన కూడా పెట్టాడు. చెజీదియోని అడిగితే మాత్రం, "నేను ఇంజను నడిపిన దారిలో గంట మోగించుకుంటూ సైకిలు తొక్కాలా? చర్చిలో తాడు కట్టి బట్టలారేసినట్టుంటుంది" అనేవాడు. అది విని జనం, పాపం ఎంత అభిమానమో అని ముచ్చటపడేవారు. జనానికేం, ఏం చెప్పినా నమ్ముతారు.

అసలు సంగతి వేరు. ఆ దారిలో సొరంగం అవతల ఒక రైల్వే గేటు ఇల్లుంది. ఆ ఇంట్లో యోలాండా అనే ఆవిడ ఉంది. ఆ ఇంటి ముందు నుంచి నడిచి గానీ సైకిలు మీద గానీ వెళ్ళడానికి చెజీదియోకి ధైర్యం లేదు. అందులోనూ పెళ్ళాం ఫిలొమెనాని పక్కన పెట్టుకుని.

ఆ తీరంలో డ్రైవర్ల ఇళ్ళన్నీ పట్టాల పక్కనే ఉండేవి. మధ్యాహ్నం డ్యూటీ దిగబోయే డ్రైవరు తన ఇంటి ముందు నుంచి పోతూ ఒక కూత వేస్తాడు. పాస్తా నీళ్ళల్లో వెయ్యమని దానర్థం. తర్వాతి స్టేషన్లో బండి ఇంకొకడికి అప్పగించి, మోపెడ్ ఎక్కి వెనక్కి వచ్చేసరికి పళ్ళెంలో పొగలు కక్కుతూ ఉండాలి. ముందే వేస్తే ముద్దయిపోతుంది. ముద్దయిన పాస్తా తినే మగాడు ఆ తీరంలో ఇంకా పుట్టలేదు. ఎవరి కూత వారిదే. ఒకడిది మూడు పొట్టి, ఒకడిది రెండు పొడుగు. చెజీదియోది ఒక పొడుగు, రెండు పొట్టి. అది మొగుడూ పెళ్ళాల మధ్య మాట. అలాంటి కూత వేరే ఆడదాని గుమ్మం ముందు వెయ్యడమంటే వాళ్ళింట్లో చెప్పులు విప్పడం లాంటిదే.

చెజీదియో వేశాడు. మొదటిసారి పొరపాటునే వేశాడు. అప్పుడు కూతురు పుట్టిన కొత్త, రాత్రిళ్ళు ఇంట్లో నిద్ర లేదు. సొరంగం ఇంకా రాకముందే, దాటేశానన్న భ్రమలో గేటు దగ్గర ఇంటి కూత లాగేశాడు. గేటు దగ్గర నిలబడ్డ అమ్మాయి యోలాండాయే, తండ్రి పోయాక ఆ ఉద్యోగం తనకిచ్చారు. ఉలిక్కిపడి జెండా జారవిడిచింది. తర్వాత పకపకా నవ్వి, రెండో చేతిలో ఉన్న వంటింటి తువ్వాలు పైకెత్తి ఊపింది. ఆమెకీ ఆ కూతకి అర్థం తెలుసు. రైల్వేలో తెలియందెవరికి?

మర్నాడు చెజీదియో చెయ్యి మళ్ళీ తాడు మీదికి పోయింది. ఈసారి పొరపాటు కాదు. ఆ తర్వాత ఎన్నడూ పొరపాటు కాదు. పట్టాలు పీకేదాకా, ఇరవై ఏళ్ళ పైచిలుకు, మధ్యాహ్నం డ్యూటీ ఉన్న ప్రతి రోజూ గేటు దగ్గర ఒక కూత, సొరంగం దాటాక తన ఇంటి దగ్గర ఒక కూత. రైలు ఎన్నడూ అక్కడ ఆగలేదు, అతనెన్నడూ దిగలేదు. ఆమె గొంతు ఎలా ఉంటుందో కూడా తెలియదు. ఏమీ జరగలేదు. చెజీదియోకి అన్నిటికంటే భయం అదే. ఏదైనా జరిగుంటే ఒప్పుకోవడానికి దానికో పేరుండేది. దీన్ని పెళ్ళానికి ఏమని చెప్పాలి?

మధ్యలో కొండ అడ్డం ఉంది కాబట్టి, మొదటి కూతని సొరంగం మింగేసిందనే ధైర్యంతో అన్నేళ్ళూ నెట్టుకొచ్చాడు.

మే నెలలో ఒక సాయంత్రం ఫిలొమెనా మోకాలికి నూనె రాసుకుంటూ, "చెజీ, సైకిళ్ళు బయటికి తీసి టైర్లలో గాలి చూడు. రేపు వెళ్తున్నాం" అంది.

"ఎక్కడికి?"

"సొరంగం అవతలికి. గేటు ఇంటి పెరట్లో నాలుగు బల్లలేసి భోజనం పెడుతున్నారంట. టమాటా పులుసులో చీజ్ ఉండలు ఆవిడలాగా ఎవరూ చెయ్యలేరంట. ఇద్దరికి చెప్పేశాను."

చెజీదియో చేతిలో పేపరు మడతపడింది. "నీ మోకాలు?"

"డాక్టరు తొక్కమన్నాడుగా."

"ఎండ..."

"టోపీ ఉందిగా."

"నేను ఆ దారిలో..."

"ఆ, చర్చిలో బట్టలు. విన్నాను. ఊరంతా విన్నారు. నన్ను దాటుకుంటూ బతుకంతా రైల్లో పోయావు కదా, ఒక్క రోజు నా పక్కన రా. చచ్చిపోవులే."

మర్నాడు పొద్దున్నే బయల్దేరారు. ఆ దారిలో తొక్కడానికి ఏ కష్టమూ లేదు. రైలు మిట్టలెక్కలేదు కాబట్టి, రైలు పోయిన దారిలో సైకిలుకీ మిట్టలుండవు, బల్ల పరిచినట్టుంటుంది. ఒక పక్క పసుప్పచ్చగా విరగబూసిన పొదలు, ఇంకో పక్క సముద్రం. చంటిపిల్లల్ని వెనక కట్టుకున్న తల్లులు కూడా పాడుకుంటూ పోతున్నారు. చెజీదియో ఒక్కడే కాలు కాలిన పిల్లిలా ఉన్నాడు. కాసేపు దెయ్యం తరుముతున్నట్టు తొక్కుతాడు, కాసేపు ఆగి గొలుసు చూసుకుంటాడు. బ్రేకు పట్టేస్తోందన్నాడు. పడమట మబ్బేస్తోందన్నాడు. ఫిలొమెనా తలెత్తి చూసింది. అద్దంలా ఉంది ఆకాశం.

"ఎందుకలా మెలికలు తిరుగుతున్నావు? సీటు కింద చీమలేమైనా ఉన్నాయా?"

"కాళ్ళు పట్టేశాయి."

"ఇప్పుడేగా బయల్దేరాం!"

అఖాతం వంపులో ఫిలొమెనా వాళ్ళ నాన్న మంచె వచ్చింది. నీళ్ళల్లో కర్ర కాళ్ళ మీద నిలబడి, పొడుగాటి వాసాలకి వల వేలాడేసుకున్న చేపల మంచె. ఇప్పుడు దాన్ని ఎవరో కొని దీపాలు కట్టారు. ఆమె అక్కడ పుట్టలేదన్న మాటే గానీ పెరగడమంతా దాని మీదే పెరిగింది. సైకిలు ఆపి చాలాసేపు చూసింది.

"మా నాన్న ఇక్కడ నిలబడి మామూలుగా మాట్లాడితే అదిగో, ఆ అవతలి మంచె మీదున్నాయన జవాబిచ్చేవాడు. అరవక్కర్లేదు. గాలి లేని రోజు నీళ్ళ మీద మాట ఎంత దూరమైనా పోతుంది. అమ్మా నాన్నా పోట్లాడుకుంటే ఊరందరికీ తెలిసేది" అని నవ్వింది.

చెజీదియో ఊ కొట్టాడు గానీ ఒక్క ముక్క వినలేదు. అతని మనసంతా ముందున్న స్టేషన్ మీద ఉంది. అది ఒంటి లైను. ఎదురొచ్చే ఎక్స్‌ప్రెస్‌కి దారివ్వడానికి అతను నడిపే మధ్యాహ్నం లోకల్ ఆ స్టేషన్లో ఆగి తీరాలి. సొరంగంలోంచి బయటపడి, అక్కడ ఆగి, ఒళ్ళంతా వెచ్చగా, ఆ తువ్వాలు కళ్ళ ముందు ఊగుతుంటే కూర్చునేవాడు. ఎక్స్‌ప్రెస్ పోయాక ఆ వెచ్చదనం చల్లారి సిగ్గేసేది. ఆ సిగ్గుతోనే ఇంటి ముందు కూత ఇంకొంచెం గట్టిగా వేసేవాడు. ఇప్పుడా స్టేషన్లో సైకిళ్ళు అద్దెకిస్తున్నారు, మాంసం ముక్కలు పెట్టిన రొట్టెలమ్ముతున్నారు.

"ఇక్కడే తినేద్దాం ఫిలొమే. రొట్టెలు బాగున్నాయి."

"అక్కడ చెప్పానన్నానా?"

"ఫోన్ చేసి వద్దని చెప్పు."

"వండుకుని కూర్చున్న మనిషికి వద్దని చెప్తారా ఎవరైనా? నిన్ను నేను ఎన్నడైనా అలా చేశానా?"

చెజీదియో మళ్ళీ తొక్కాడు.

సొరంగంలో చల్లగా, చెమ్మ వాసనగా ఉంది. మనుషులు వస్తుంటే ఒక్కో దీపమూ వెలుగుతోంది. ఫిలొమెనా గొంతు గోడలకి తగిలి తిరిగొచ్చింది. "సొరంగం ముందు కూత వేసేవాడివా?"

"రూలు. ప్రతి సొరంగం ముందూ వెయ్యాలి. గేటు ముందూ వెయ్యాలి. నేనొక్కడినే కాదు, అందరూ వేస్తారు. ఒక్క పొడుగు కూతే. కావాలంటే రూల్సు పుస్తకంలో చూసుకో."

"నేనేమన్నానిప్పుడు?"

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టయింది. వెలుగు దగ్గరపడుతున్న కొద్దీ చెజీదియో సైకిలు నెమ్మదించింది. ఆమె గుర్తుపడుతుంది. చూడగానే తువ్వాలు ఎత్తుతుంది. యాభై ఏళ్ళ కాపురం ఆ పెరట్లో, పరాయివాళ్ళ ముందు, చీజ్ ఉండల గిన్నె పక్కన తెల్లారిపోతుంది.

గేటు ఇల్లు అదే ఎర్ర రంగు, కాస్త వెలిసింది. పెరట్లో నాలుగు బల్లలు, వాటి మీద గళ్ళ గుడ్డలు. ఇంకా ఎవరూ రాలేదు. గుమ్మంలోంచి తెల్లజుట్టు ముడేసుకున్న బక్కపల్చటి ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. చెజీదియో టోపీ కళ్ళ మీదికి లాక్కున్నాడు.

"రండి రండి, ఫోన్ చేసింది మీరేనా? సొరంగంలో చలేసిందా? కూర్చోండమ్మా. నీళ్ళు మరగడానికి పెట్టాను, ఉండలు రెడీగా ఉన్నాయి" అంది యోలాండా. ఆమె గొంతు బొంగురుగా, కలుపుగోలుగా ఉంది. ఇన్నేళ్ళకి విన్నాడు. ఆమె అతని ముఖంలోకి చూసింది, నవ్వింది, ఇంకో కుర్చీ దులిపింది. అంతే. గుర్తుపట్టలేదు.

చెజీదియోకి పోతున్న ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే, ఎందుకో, ముల్లు గుచ్చుకున్నట్టయింది.

ఫిలొమెనా నీళ్ళు తాగి, తీరిగ్గా మొదలుపెట్టింది. "ఇక్కడే ఉండేవారా మీరు, రైళ్ళున్నప్పుడు కూడా?"

"ఎక్కడికి పోతానమ్మా? గేటు నాదే. ఒంటరిగా భయం లేదా అనేవారు. ఎందుకు భయం? రోజంతా రైళ్ళేగా." యోలాండా రొట్టె కోస్తూ నవ్వింది. "ఒక డ్రైవరుండేవాడు. వేళాకోళానికి మొదలుపెట్టాడో ఏమో, మధ్యాహ్నం పోతూ పోతూ పాస్తా కూత వేసేవాడు నాకు. నాకు! నేను వండి పెట్టడానికి ఎవరున్నారు? ఒక్కదాన్నే కదా అని ఏ రొట్టెముక్కో నమిలి ఊరుకునేదాన్ని అంతకు ముందు. ఆ కూత విని సిగ్గేసి వండుకోవడం మొదలెట్టాను. ఆయన వల్ల మనిషిలా తిన్నాను ఇన్నేళ్ళు."

"ఎవరాయన?" అంది ఫిలొమెనా.

"ఏమో! ముఖం ఎవరు చూశారు? సర్రున పోయే రైలు. కిటికీలోంచి చెయ్యి కనపడేది, అంతే. పెళ్ళాం ఉందిలెండి, నాకు తెలుసు. కాసేపయ్యాక అదే కూత అటు నుంచి వినిపించేది, నీళ్ళ మీదుగా." యోలాండా కత్తితో సముద్రం వైపు చూపించింది. "అదిగో, ఆ తెల్లటి ఇల్లు, ఆకుపచ్చ కిటికీలది. ఆ ఇంట్లోవాళ్ళే అయ్యుంటారు."

చెజీదియో తిరిగి చూశాడు. అఖాతం అవతలి ఒడ్డున, అరచేతిలో పెట్టినట్టు, అతని ఇల్లు. వంటింటి కిటికీలు రెండూ తెరిచున్నాయి; పొద్దున తనే తెరిచాడు. రైలు ఒడ్డు వెంబడి వంపంతా తిరిగి, కొండ తొలుచుకుని పోయేది. అతను ఇంజను మీంచి ఎప్పుడూ పట్టాలే చూశాడు. నీళ్ళకి అడ్డంగా ఎన్నడూ చూడలేదు. అటు మధ్యలో ఏ కొండా లేదు.

"మీరూ రైల్వేలో చేశారా అయ్యా?" అంది యోలాండా, ఉన్నట్టుండి. "ఇందాక వస్తూ వస్తూ గేటు దగ్గర అటూ ఇటూ చూసి దాటారు. రైల్వేవాళ్ళు తప్ప ఎవరూ చూడరిప్పుడు."

ఫిలొమెనా గ్లాసు బల్ల మీద పెట్టింది. అతని వైపే చూస్తోంది.

"లేదు," అన్నాడు చెజీదియో. "పోస్టాఫీసులో."

"ఓహో," అంది యోలాండా. ఆమె ముఖంలో ఏదో దీపం చిన్నదైంది. "ఆయన పోయే ఉంటాడులెండి పాపం. ఉంటే ఒక్కసారైనా ఇటు రాడూ?" అని, పొయ్యి మీద నీళ్ళు చూసొస్తానని లోపలికి వెళ్ళింది.

చెజీదియో లేచాడు. "పద. నాకు కడుపులో బాగాలేదు." అని జవాబుకి ఆగకుండా పెరడు దాటి, సైకిలు తీసుకుని, సొరంగం మొదలు దాకా తోసుకుంటూ పోయాడు. ఫిలొమెనా కుంటుకుంటూ వెనకే వచ్చింది. అతన్ని దాటి వెళ్ళి ముందు చక్రానికి అడ్డంగా నిలబడింది.

"పోస్టాఫీసా?" అంది.

"ఫిలొమే..."

"కట్టుకున్నప్పటి నుంచీ నీ మసి బట్టలు ఉతికిన చేతులివి. పోస్టాఫీసంట!"

"ఏమీ జరగలేదు ఫిలొమే. మన పిల్ల మీద ఒట్టు. ఒక్క మాట కూడా..."

"తెలుసు. జరిగుంటే ఈపాటికి మర్చిపోయుండేవాడివి. జరగలేదు కాబట్టే ఇన్నేళ్ళు దాచుకున్నావు." "నువ్వు రైలు మనిషివి. చప్పుడు కూడా పట్టాల మీదే నడుస్తుందనుకున్నావు. నేను మంచె మీద పెరిగినదాన్ని. మొదటి రోజే విన్నాను. పిల్లకి పాలిస్తున్నాను. మన కూత, అటు నుంచి! పిచ్చి పట్టిందేమో నాకనుకున్నాను. మర్నాడు మళ్ళీ. వారం తర్వాత పిల్లని చంకనేసుకుని బస్సెక్కి వచ్చాను ఇక్కడికి. రోడ్డు మీద నిలబడి చూశాను. ఆవిడ ఒక్కతే తువ్వాలు ఊపుతోంది, ముఖమంతా నవ్వు. నువ్వు చెయ్యి ఊపుతున్నావు. అలా నాకెన్నడూ ఊపలేదు నువ్వు."

చెజీదియో సైకిలు హ్యాండిలు పట్టుకుని నిలబడ్డాడు. తేలు కుట్టిన దొంగకి అరిచే వీలు కూడా ఉండదు.

"ఎందుకు అడగలేదు?" అన్నాడు చివరికి.

"ఏమని అడగను? కూత ఎందుకేశావనా? ఆ ఏడాదంతా ఏడ్చాను. నువ్వు తిన్న పాస్తాలో సగం ఉప్పు నా కళ్ళదే. తర్వాత ఏడిస్తే వంట ఎవరు చేస్తారని ఊరుకున్నాను. మొదటి కూతకి నీళ్ళు పొయ్యి మీద పెట్టేదాన్ని. నువ్వు స్టేషన్లో ఆగి వచ్చేసరికి మరిగేవి. రెండో కూతకి పాస్తా వేసేదాన్ని. వేరే డ్రైవర్ల ఇళ్ళల్లో ఎప్పుడూ ఒక్కలా కుదరదు, మీ ఇంట్లో ఎలా కుదురుతుందమ్మా అని అడిగేవారు అందరూ." ఆమె ముక్కు తుడుచుకుంది. "నీ అంతట నువ్వు చెప్తావని చూశాను. ఇవాళ దారి పొడుగునా చూశాను. చివరికి ఆవిడ దగ్గర కూడా అబద్ధమాడావు. నాతో ఆడిన అబద్ధం నేను చూసుకుంటాలే, ఇంటికెళ్ళాక చెప్తాను నీ సంగతి. ఆవిడేం చేసింది నీకు? నువ్వు చచ్చిపోయావనుకుంటోంది. పో. వెళ్ళి చెప్పు."

"ఏమని చెప్పను? ఎలా..."

"నాకు చెప్పినట్టే. కూత వెయ్యి."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. ఆటలాడటం లేదు. వెనక్కి నడిచి, పెరటి గోడ దగ్గర నిలబడి, పెదవులు బిగించి ఊదాడు. కట్టుడు పళ్ళ సందుల్లోంచి గాలి తుస్సుమంది. మళ్ళీ ఊదాడు. మళ్ళీ తుస్సుమంది. ఏడుపొచ్చింది చెజీదియోకి, నిజంగానే.

"జరుగు," అంది ఫిలొమెనా.

రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుంది. అవతలి మంచె మీదివాళ్ళని భోజనానికి పిలవడానికి చిన్నప్పుడు నేర్చుకున్న ఈల. ఒక పొడుగు, రెండు పొట్టి. సముద్రం మీద అఖాతమంతా మోగింది.

లోపల ఏదో గిన్నె ఠంగుమంది. యోలాండా గుమ్మంలోకి పరుగున వచ్చింది, చేతిలో తువ్వాలు. ఈల వేసిన ఆడమనిషిని చూసి తెల్లబోయింది. అప్పుడు చెజీదియో చెయ్యి తనంతట తనే లేచింది. మోచెయ్యి బయటికి పెట్టి, అరచెయ్యి వెనక్కి తిప్పి, ఇంజను కిటికీలోంచి ఊపినట్టే ఊగింది. ముఖం గుర్తుపట్టని మనిషి చెయ్యి గుర్తుపట్టింది. తువ్వాలు సగం దాకా ఎత్తింది. ఫిలొమెనాని చూసి అక్కడే ఆపేసింది.

"ఆకుపచ్చ కిటికీల ఇల్లు నాదే," అంది ఫిలొమెనా.

యోలాండా తువ్వాలు దించి, రెండు చేతులతో నలిపింది. ముగ్గురూ అలాగే నిలబడ్డారు. సొరంగంలోంచి ఎవరో పిల్లల్ని వేసుకుని గంట మోగించుకుంటూ వచ్చి, వీళ్ళని వింతగా చూసి వెళ్ళిపోయారు.

"నీళ్ళు మరుగుతున్నాయి," అంది యోలాండా, సన్నగా. "ఎంతమందికి వెయ్యను?"

చెజీదియో నోరు తెరిచాడు.

"నువ్వు ఊరుకో," అంది ఫిలొమెనా. "ముగ్గురికి వెయ్యి వదినా. ఉప్పు మాత్రం తగ్గించు, ఈయనకి బీపీ."

తర్వాత అతని జబ్బ పట్టుకుని తీసుకెళ్ళి, ఆకుపచ్చ కిటికీలు ఎదురుగా కనిపించే కుర్చీలో కూర్చోబెట్టింది. పాస్తా వచ్చేదాకా అతను వాటినే చూస్తూ కూర్చున్నాడు.